ఉగాదికి ముందు ఆత్మకూరు అడవిదారిన శ్రీశైలం నడక: ఎండకు ఎలా సిద్ధపడాలి?

నందికొట్కూరువాసి

సభ్యులందరికీ నమస్కారం. మాది నందికొట్కూరు. ఉద్యోగరీత్యా బెంగళూరులో ఉంటున్నాను. వచ్చే ఉగాదికి నాన్నగారితో కలిసి ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, మఠంబావి, భీమునికొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం నడిచి వెళ్ళాలని సంకల్పించుకున్నాము. దారి ఎటు పోతుందో చెప్పేవారు మా ఊళ్ళో కావలసినంత మంది ఉన్నారు. మార్చి నెలాఖరు ఎండలో, రాళ్ళదారిలో, వరుసగా రెండు మూడు రోజులు నడిస్తే ఒంటికి ఏమవుతుందో, అందుకు ముందుగా ఏమి చేసుకోవాలో చెప్పేవారే దొరకడం లేదు.

నాన్నగారికి అరవై దాటాయి. రక్తపోటుకు మాత్రలు వేసుకుంటారు గాని ఇప్పటికీ పొద్దంతా పొలంలో తిరుగుతారు. నేను ఏసీ గదిలో కూర్చుని పనిచేసేవాణ్ణి. ఒక్కొక్కరం ఎన్ని లీటర్ల నీళ్ళు మోయాలి, ఏ వేళల్లో నడవాలి, తిండి సంగతి ఏమిటి అన్నవి నా ప్రశ్నలు. నడిచినవారు తమ అనుభవం చెబితే మేలు చేసినవారవుతారు.

ఆత్మకూరుబాట

ఈ దారిని చిన్నప్పటి నుంచి ఎరిగినవాడిగా మొదట నీడ గురించి చెబుతాను, ఎందుకంటే కొత్తగా వచ్చేవారు ఎక్కువగా పొరబడేది అక్కడే. అడవి కదా, చెట్ల కింద చల్లగా నడిచిపోవచ్చు అనుకుంటారు. నల్లమల ఆకురాల్చే అడవి. శివరాత్రి నాటికే టేకు, తునికి, నల్లమద్ది చాలావరకు బోసిపోతాయి. ఉగాది నాటికి కొత్త చిగురు అక్కడక్కడ కనిపించినా, నేలమీద పడేది కొమ్మల నీడే తప్ప మనిషి తలదాచుకునే నీడ కాదు. పైగా రాలిన ఆకు మందంగా పరుచుకుని ఉంటుంది కాబట్టి దాని కింద రాయి ఉందో గుంత ఉందో తెలియక కాలు మడతపడుతుంది.

నిజమైన నీడ వాగుల ఒడ్డున, చెరువు గట్ల మీద, ఏరుమద్ది, నేరేడు, మర్రి ఉన్నచోట మాత్రమే దొరుకుతుంది. మీ ప్రయాణాన్ని కిలోమీటర్లలో లెక్కవేసుకోకండి. పొద్దున పదిలోపు ఏ నీడకు చేరగలం, సాయంత్రం నాలుగు తర్వాత అక్కడి నుంచి చీకటిపడేలోపు ఏ మజిలీకి చేరగలం అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే మీ పథకం తయారైనట్టే. నాగలూటి వీరభద్రస్వామి గుడి దాటాక ఎక్కుడు మొదలవుతుంది. ఆ ఎక్కుడును మిట్టమధ్యాహ్నానికి వదిలిపెట్టుకున్నవారు పెచ్చెరువు చేరేసరికి మాట్లాడే స్థితిలో ఉండరు.

తుంగభద్రతీరం

కర్నూలులో మా వీధివాళ్ళం ఏటా ఉగాది ముందు కన్నడ యాత్రికులకు మజ్జిగ పందిరి వేస్తాము. రాయచూరు, బళ్ళారి, బాగల్‌కోట, విజయపుర వైపు నుంచి మల్లన్నను తమ ఇంటి అల్లుడిగా తలచుకుంటూ కాలినడకన వచ్చేవారిని చూస్తుంటే, ఎండలో నడవడమనే విద్య వాళ్ళకు పెద్దల నుంచి వచ్చిందని అనిపిస్తుంది. వాళ్ళు ఎండలో వేగంగా నడవరు, మధ్యాహ్నం అసలే నడవరు. మా పందిరి పదకొండు నుంచి నాలుగు దాకా పడుకున్న మనుషులతో నిండిపోతుంది. పొద్దు వాలగానే ఒక్కరూ మిగలరు.

వాళ్ళ మూటల్లో ఉండేవి కట్టె జొన్నరొట్టెలు, బుడ్డల (వేరుశనగల) పొడి, ఎర్రకారం, బొరుగులు, బెల్లం. నెలరోజులున్నా చెడిపోని తిండి. మేము పెట్టే చిత్రాన్నం కొద్దిగా తిని, మజ్జిగ మాత్రం ఉప్పు వేయించుకుని కడుపునిండా తాగుతారు. గుంపులో ఎవరైనా యువకుడు చల్లటి శీతలపానీయం సీసా పట్టుకుని కనిపిస్తే పెద్దవాళ్ళు కసురుకోవడం కూడా చూశాను. నెత్తిన తడితువ్వాలు లేకుండా పందిరి బయటకు అడుగుపెట్టే మనిషి ఉండడు.

కర్నూలు వైద్యుడు

ప్రశ్న అడిగినవారు ఎన్ని లీటర్లు మోయాలి అని మొదలుపెట్టారు గనుక అక్కడి నుంచే వస్తాను. మూటతో, ఎక్కుడుదారిలో, నలభై డిగ్రీల దరిదాపు ఎండలో నడిచే మనిషికి గంటకు ఒక లీటరు చెమట పోవడం మామూలు విషయం. కొందరికి అంతకంటే ఎక్కువే పోతుంది. ఆ స్థితిలో మన పేగులు గంటకు దాదాపు ఒక లీటరుకు మించి నీటిని ఒంటికి పట్టించలేవు. అంటే మిట్టమధ్యాహ్నం నడక సాగించేవారు భుజాన ఎంత నీరున్నా క్రమంగా లోటులోకే జారుతుంటారు. అందువల్ల ఎండలో నడిచే గంటలను తగ్గించుకోవడమే అసలు మందు. నీళ్ళ బరువు ఆ తర్వాతి లెక్క. పొద్దున నడకకు మనిషికి మూడు నాలుగు లీటర్లు చేతిలో పెట్టుకుని, నీరు దొరికే మజిలీలో మళ్ళీ నింపుకునే ఏర్పాటు ఉంటే చాలు.

రెండో సంగతి, ఒంటికి ఎండ అలవాటు చేయడం. దీనికి ఒకటి నుంచి రెండు వారాలు పడుతుంది. రోజూ గంట, గంటన్నర ఎండలో చెమట పట్టేలా నడిస్తే, రక్తంలోని ద్రవభాగం పెరుగుతుంది, చెమట త్వరగా పట్టడం మొదలవుతుంది, ఆ చెమటలో ఉప్పు తగ్గుతుంది, అదే వేగానికి గుండె కొట్టుకోవడం నెమ్మదిస్తుంది. పొలంలో తిరిగే మీ నాన్నగారికి ఇది చాలావరకు ఉండి ఉంటుంది. మీకు లేదు. కాబట్టి ఈ ప్రయాణంలో ముందుగా పడిపోయే అవకాశం ఉన్నది మీరే తప్ప ఆయన కాదని నా అభిప్రాయం. చల్లటి గదుల్లోకి తిరిగి వెళ్ళిన కొద్దివారాల్లోనే ఈ అలవాటు పోతుంది కనుక, సంక్రాంతికి సాధన చేసి ఉగాదికి బయలుదేరితే ఫలితం ఉండదు. నడకకు ముందు పదిహేను రోజులే ముఖ్యం.

నాన్నగారి మాత్రల విషయం మాత్రం వాటిని రాసిచ్చిన వైద్యుణ్ణే అడగాలి. రక్తపోటు మందుల్లో కొన్ని ఒంట్లోని నీటిని, ఉప్పును మూత్రం ద్వారా బయటకు పంపుతాయి. కొన్ని గుండెవేగాన్ని పెరగనివ్వవు. మరికొన్ని ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాల మీద భారం వేస్తాయి. సొంతంగా మానేయడం కూడా ప్రమాదమే. మోకాళ్ళ నొప్పులకని దారిలో ఇతరులు ఇచ్చే నొప్పి మాత్రలు వేసుకోవద్దని ఆయనకు గట్టిగా చెప్పండి, ఎండిన ఒంటికి అవి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

బురుజునీడ

వైద్యుడు గారు చెప్పినది అంగీకరిస్తూనే ఒక సందేహం అడుగుతున్నాను. ఎండే సమస్య అయినప్పుడు రాత్రిపూట నడిస్తే సరిపోదా? మా మేనమామలు ఎమ్మిగనూరు నుంచి ఆత్మకూరు దాకా రోడ్డుమీద రాత్రుళ్ళే నడుస్తారు. అడవిలో కూడా తలకు దీపం కట్టుకుని, పదిమంది కలిసి, రాత్రి ఎనిమిదికి మొదలుపెట్టి తెల్లవారేసరికి మజిలీ చేరితే నీళ్ళు సగం ఖర్చుతో పని జరిగిపోతుంది కదా.

బేస్‌క్యాంపు

అటవీ శాఖ కాపలా శిబిరాల్లో పనిచేసినవాణ్ణి కాబట్టి దీనికి నేను జవాబు చెప్పడం సబబు.

రోడ్డుమీద రాత్రినడకకు, అడవిలో రాత్రినడకకు పోలిక లేదు. ఈ దారి నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో ఉంది. పులి గురించి అందరూ భయపడతారు గాని, నడిచేవారికి ఎక్కువ ముప్పు ఎలుగుబంటితోనే. వేసవిలో అది పగటి ఎండకు గుహల్లో, పొదల్లో పడుకుని పొద్దుగూకాక పుట్టలు తవ్వడానికి, నీళ్ళకు బయలుదేరుతుంది. దానికి చూపు మందం. మలుపులో మనిషి హఠాత్తుగా ఎదురైతే తప్పుకోదు, మీదపడుతుంది. తెల్లవారుజామున నడిచేవారు మాట్లాడుకుంటూ, శివనామం చేసుకుంటూ, గుంపుగా నడవాలని చెప్పేది అందుకే.

ఇంకొక సంగతి చాలామంది ఆలోచించరు. ఉగాదికి ముందురోజు అమావాస్య. శివరాత్రి కూడా బహుళ పక్షంలోనే వస్తుంది. అంటే ఈ రెండు నడకల కాలంలోనూ వెన్నెల ఉండదు. ఫాల్గుణ బహుళ ఏకాదశి నాడు చంద్రుడు పైకి వచ్చేసరికి తెల్లవారుజాము మూడు గంటల ప్రాంతం అవుతుంది, అదీ సన్నటి నెలవంక. తల దీపం వెలుగు నాలుగడుగుల ముందుకు బాగా చూపిస్తుంది గాని పక్కల ఏముందో తెలియనివ్వదు, ఎండుటాకుల్లో పాము ఉన్నా అంతే. కాబట్టి నా లెక్క ఇది: తూరుపు తెల్లబడుతుండగా, అంటే అయిదు, అయిదున్నరకు అడుగు కదపాలి, పదికి ఆగాలి, నాలుగు దాటాక మళ్ళీ లేవాలి, చీకటికి అరగంట ముందే మజిలీలో ఉండాలి. ఆ వేళ ప్రకారం రోజుకు ఏడు గంటల నడక వస్తుంది, అది చాలు.

శివరాత్రికి, ఉగాదికి యాత్రికుల కోసం అటవీ శాఖ దారి తెరుస్తుంది. ఆ రోజులు దాటితే అనుమతి లేకుండా అడుగుపెట్టడం నేరం. తెరిచిన రోజులు, వేళలు ఏటా మారవచ్చు గనుక బయలుదేరే ముందు ఆత్మకూరు అటవీ కార్యాలయంలో అడిగి రండి. నిప్పు మాత్రం ఏ పరిస్థితిలోనూ వెలిగించవద్దు. బోదగడ్డి ఎండి ఉన్న ఆ నెలల్లో ఒక్క బీడీముక్క కొండ మొత్తాన్ని కాల్చేయగలదు. గాలి మీవైపు తిరిగితే ఎక్కుడుదారిలో మంటకంటే వేగంగా ఎవరూ నడవలేరు. వంట అక్కరలేని తిండే తెచ్చుకోండి.

బురుజునీడ

వెన్నెల సంగతి నాకు తట్టనే లేదు. రాత్రినడక ఆలోచన విరమించుకుంటున్నాను.

పెనుకొండ మాస్టరు

మా అనంతపురం ఎండ, నల్లమల ఎండ ఒకే జాతివి, పొడి ఎండలు. దీని గురించి ఒక మాట చెప్పాలి. కోస్తాలో చెమట ఒంటిమీద కారుతుంది కాబట్టి ఎంత పోయిందో మనిషికి తెలుస్తుంది. ఇక్కడ చెమట పుట్టీ పుట్టకముందే ఆరిపోతుంది. చొక్కా పొడిగానే ఉంటుంది, నాకు చెమటే పట్టలేదు అనుకుంటాడు. సాయంత్రం చొక్కా వీపున, టోపీ అంచున తెల్లటి ఉప్పు చారలు కనబడినప్పుడు గాని నిజం తెలియదు. మా పిల్లలను కొండలెక్కడానికి తీసుకువెళ్ళినప్పుడు వాళ్ళకు నేను నేర్పే మొదటి పాఠం ఆ చారలను చూసుకోవడమే. రెండోది మూత్రం రంగు. ముదురు పసుపులోకి మారిందంటే ఆ పూట నడక ఆపేయవలసిందే.

వాతావరణ శాఖ ఈరోజు 39 డిగ్రీలు అని చెబితే దారిలోనూ అంతే ఉంటుందని అనుకోకూడదు. ఆ కొలత నీడలో, గాలి ఆడే తెల్లటి పెట్టెలో, నేలకు మీటరుకు పైన ఎత్తులో తీసేది. సూటిగా ఎండ తగిలే మనిషికి, కాలే బండ నుంచి పైకి కొట్టే సెగకు ఆ అంకెలో చోటు లేదు. మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత 40 దాటి, మామూలుకంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువైతే దాన్ని వడగాలిగా ప్రకటిస్తారు. మండలాల వారీగా వచ్చే హెచ్చరికలో ఆత్మకూరు పేరు కనిపిస్తే ప్రయాణాన్ని ఒకరోజు వాయిదా వేసుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు.

తిండి విషయంలో నాది పాతకాలపు పద్ధతి. బయలుదేరే ముందు రాగి అంబలిలో మజ్జిగ, ఉప్పు కలుపుకుని తాగితే నీరు, ఉప్పు, పిండి పదార్థం మూడూ ఒకేసారి అందుతాయి. అడవిలో మజ్జిగ నిలవదు గనుక రెండో రోజు నుంచి నిమ్మకాయలు, ఉప్పు, బెల్లంతో సరిపెట్టుకోవచ్చు. ఓఆర్ఎస్ పొట్లాలు మోయడం నాకు అంత అవసరమనిపించదు.

కర్నూలు వైద్యుడు

మాస్టరు గారి అంబలితో నాకు పేచీ లేదు, ఆయన చివరి వాక్యంతో ఉంది. ఓఆర్ఎస్ పొట్లం 20.5 గ్రాముల బరువు. దాన్ని లీటరు నీళ్ళలో కలిపితే అందులో 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, దానితోపాటు పొటాషియం, సిట్రేటు కచ్చితమైన పాళ్ళలో ఉంటాయి. ఆ ఉప్పు, గ్లూకోజు జంటగా ఉండడం వల్లనే పేగు గోడ నీటిని త్వరగా లోపలికి లాక్కుంటుంది. అలసిపోయిన చేతులతో చిటికెలు లెక్కపెట్టి ఉప్పు వేసుకునేవారు ఒకపూట తక్కువ, ఒకపూట మరీ ఎక్కువ వేసుకోవడం నేను చూశాను. పొట్లం లేనప్పుడు మాత్రం లీటరు నీటికి ఆరు టీ చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి వేసుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని పొట్లం మీద రాసి ఉన్నదే కొనండి. దుకాణాల్లో అదే వరుసలో పెట్టే పండ్లరసాల పెట్టెలు దానికి బదులు కావు.

దాహం వేయకముందే బలవంతంగా తాగుతూ ఉండాలన్న సలహా కూడా చాలామంది ఇస్తుంటారు. అది సగమే నిజం. చెమటలో పోయిన ఉప్పును పూరించకుండా గంటలకొద్దీ ఉత్తనీళ్ళే పోసుకుంటే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతి, వేళ్ళు ఉబ్బి ఉంగరం బిగుసుకోవడం, మాట తడబడడం దాని గుర్తులు. ఎండదెబ్బే అనుకుని పక్కవారు మరికొన్ని నీళ్ళు తాగిస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఆ మనిషి తరచుగా, రంగులేని మూత్రం పోస్తూ ఉన్నాడంటే అది నీటికొరత కాదని గ్రహించాలి. దాహాన్ని బట్టి తాగండి, ప్రతి మజిలీలో ఉప్పగా ఏదైనా తినండి. ఊరగాయ ముక్క, ఉప్పు బుడ్డలు కూడా మందే.

నందికొట్కూరువాసి

ఇంత వివరంగా చెప్పిన అందరికీ కృతజ్ఞతలు. రోజూ సాయంత్రం నడకను మధ్యాహ్న భోజన విరామానికి మార్చుకున్నాను. కార్యాలయంలో నన్ను వింతగా చూస్తున్నారు గాని ఫరవాలేదు.

ఇప్పుడు ఇంట్లో ఒక వివాదం నడుస్తోంది. నాన్నగారు చెప్పుల్లేకుండా నడుస్తానని పట్టుపట్టారు. మా తాత అలాగే వెళ్ళాడట. మొక్కు ఆయనది కాబట్టి నేను గట్టిగా కాదనలేను. బండల మీద, ఆ ఎండలో అది సాధ్యమేనా?

సిద్ధవటం పొదలు

నేను తిరిగేది కడప వైపు లంకమల, పాలకొండల్లో. అక్కడి కొండలు పొద్దున ఎనిమిదిన్నరకే వేడెక్కడం మొదలుపెట్టి, పొద్దు వాలిన రెండు గంటలకు కూడా చల్లబడవు. గాలి చల్లగా తగులుతుంది, కింద బండ మాత్రం పెనంలా ఉంటుంది. కాబట్టి మీ నాన్నగారి విషయంలో వేళే ముఖ్యం. తెల్లవారుజాము నుంచి తొమ్మిది లోపు మట్టిదారిలో ఉత్తకాళ్ళతో నడవడం ఆయనకు కష్టం కాకపోవచ్చు. తొమ్మిది దాటాక, బండలు వచ్చినచోట, చెప్పులు తొడుక్కోవాలి. మొక్కుకు మధ్యేమార్గం కావాలంటే మందపాటి నూలుగుడ్డ పాదానికి చుట్టుకుని నడిచేవారిని చూశాను. ఆయనకు మధుమేహం గనుక ఉంటే మాత్రం ఈ చర్చే అనవసరం: పాదంలో స్పర్శ తగ్గినవారికి కాలినట్టు కూడా తెలియదు.

మీ సంగతికి వస్తే, కొత్త బూట్లు కొనుక్కుని నేరుగా అడవికి రావద్దు. వేసవిలో నడిచేకొద్దీ పాదం వాస్తుంది, కనుక మామూలు కొలతకంటే కొంచెం వదులుగా ఉన్నవి తీసుకుని ముందు నెలంతా వాడండి. మేజోళ్ళు రెండు జతలు ఉండాలి. మధ్యాహ్నం ఆగినప్పుడు పాదాలు కడిగి, పూర్తిగా ఆరబెట్టి, రెండో జత వేసుకోవాలి. బొబ్బ లేచే ముందు ఆ చోట చురుక్కుమంటుంది. అప్పుడే ఆగి అంటించుకునే గుడ్డపట్టీ వేయాలి. ఇంకో పది నిమిషాల్లో ఆగుదాం అనుకున్నవారికి బొబ్బ తప్పదు. లేచిన బొబ్బను చిదమకండి.

ఎండుగడ్డిలో, పొదల పక్కన నేలమీద నేరుగా పడుకోవద్దు. కంటికి ఆనని చిన్నపురుగులు కుట్టి జ్వరం తెచ్చిపెడతాయి. ఇంటికి వచ్చిన రెండు మూడు వారాల్లోపు జ్వరం వచ్చి, చంకలో గాని నడుము దగ్గర గాని నల్లటి పక్కు కట్టిన మచ్చ కనబడితే, అడవిలో నడిచివచ్చామని వైద్యుడికి తప్పక చెప్పండి. స్క్రబ్ టైఫస్ అయితే దానికి మంచి మందు ఉంది, ఆలస్యమే ప్రమాదం.

ఆదోని గుట్ట

ఇంతవరకు ఎవరూ వడదెబ్బ గురించి నేరుగా రాయలేదు గనుక, ఒక ఏడాది మా గుంపులో జరిగినది చెబుతాను. ముప్పై ఏళ్ళ బలమైన మనిషి, ఎక్కుడులో అందరికంటే ముందు నడుస్తున్నవాడు. పదకొండు గంటల వేళ ఆగుదామంటే ఇంకొంచెం పోదామన్నాడు. కాసేపటికి అతని నడక తూలింది. ఎవరో పేరు అడిగితే పొలంలో మోటారు ఆపేయమని జవాబు చెప్పాడు. ఒళ్ళు పట్టుకుంటే కాలిపోతోంది. విచిత్రమేమిటంటే చెమట ఇంకా పడుతూనే ఉంది. వడదెబ్బ అయితే చెమట ఆగిపోతుందని మేము విని ఉన్నాము కాబట్టి ఇది వట్టి అలసటేనని కొందరు వాదించారు.

మాలో ఒక పెద్దాయన వాదన వినలేదు. చొక్కా విప్పించి, బండ చాటు నీడలో పడుకోబెట్టించి, మా అందరి సీసాల్లోని నీళ్ళు అతని ఒంటిమీద పోయించి, నలుగురి చేత తువ్వాళ్ళతో విసిరించాడు. తాగడానికి దాచుకున్న నీళ్ళు అలా పారబోస్తుంటే మాకు గుండె దడదడలాడింది. కొంతసేపటికి అతను కళ్ళు తెరిచి తన పేరు చెప్పాడు. ఇద్దరు యువకులు వెనక్కి పోయి చెంచుగూడెం నుంచి మనుషులను, నీళ్ళను తీసుకొచ్చారు. డోలీ కట్టి మోసుకుపోయింది కూడా ఆ చెంచులే.

కర్నూలు వైద్యుడు

ఆ పెద్దాయన చేసినది అక్షరాలా సరైన వైద్యం. శ్రమ వల్ల వచ్చే వడదెబ్బలో చెమట ఆగకపోవచ్చు. ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటి, మతి తప్పిన మాటలు మొదలైతే అది వడదెబ్బే. ముందు చల్లబరచాలి, తర్వాత తరలించాలి. ఆసుపత్రికి చేర్చే తొందరలో మోస్తూ పోయే గంటలోనే మెదడు, కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి. మెడ పక్కల, చంకల్లో, గజ్జల్లో తడిగుడ్డలు పెట్టి, ఒళ్ళంతా తడుపుతూ, ఆపకుండా విసరాలి. దగ్గరలో వాగు ఉంటే తల పైకి పట్టుకుని ఒంటిని నీళ్ళలో ఉంచడం అన్నిటికంటే మేలు. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం బిళ్ళ ఈ వేడిని తగ్గించదు.

ఇది రాకముందు ఒక దశ ఉంటుంది: తలతిప్పు, వికారం, పిక్కలు పట్టేయడం, చిన్న విషయానికే చిరాకు. మతి మాత్రం సరిగానే ఉంటుంది. అప్పుడే కూర్చోబెట్టి, కాళ్ళు ఎత్తుగా పెట్టి, ఓఆర్ఎస్ నీళ్ళు పట్టిస్తే తేరుకుంటారు. కానీ ఆ రోజుకు ఆ మనిషి నడక అయిపోయినట్టే లెక్కపెట్టాలి.

ఆత్మకూరుబాట

నీళ్ళ గురించి మిగిలినది నేను చెబుతాను. యాత్ర రోజుల్లో ట్యాంకర్లతో, పందిళ్ళతో మజిలీల్లో నీటి ఏర్పాటు చేస్తారు. అయితే జనం ఒత్తిడి పెరిగిన రోజు అవి సాయంత్రానికి ఖాళీ అవుతుంటాయి, కాబట్టి వాటినే నమ్ముకుని సీసాలు ఖాళీ చేసుకోవద్దు. చెరువు నీళ్ళు తాగవలసి వస్తే నాలుగు మడతల గుడ్డలో వడగట్టి, తేరనిచ్చి, క్లోరిన్ బిళ్ళ వేసి అరగంట ఆగండి. బురదనీళ్ళలో బిళ్ళ సరిగా పనిచేయదు గనుక వడగట్టడం మానవద్దు. వాగు ఎండినచోట చెంచులు ఇసుకలో చెలమ తవ్వి, మొదట ఊరిన నీళ్ళు తోడిపోసి, తర్వాత ఊరినవి తాగుతారు. ఏ వంపులో తవ్వాలో వాళ్ళకే తెలుసు, మనం తవ్వితే చెమట పోయిందే మిగులుతుంది.

ఇంకొకటి గమనించండి. పగలు విశ్రాంతికి నీటి ఒడ్డు మంచిదే, రాత్రి పడకకు కాదు. పొద్దుగూకితే ఆ నీళ్ళకు అడవి మొత్తం వస్తుంది. నలుగురూ ఉన్న గుడి దగ్గరో, గూడెం పక్కనో పడుకోవాలి.

ఈ దారిలో ఎండను లెక్కచేసి నడవడం కొత్త కాదు. 1830 వేసవిలో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య శ్రీశైలానికి వచ్చినది కూడా ఈ ఆత్మకూరు మీదుగానే. ఇప్పటికీ మనం ఆగే మజిలీలు దాదాపు ఆనాటివే. రెడ్డిరాజుల్లో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించిన నాటికే ఇక్కడ యాత్ర సాగుతోంది.

నందికొట్కూరువాసి

అందరి మాటలూ కలిపి నాన్నగారితో కూర్చుని ఇలా నిర్ణయించుకున్నాము. ఫాల్గుణ బహుళ ఏకాదశి నాడు తెల్లవారుతుండగా వెంకటాపురం నుంచి బయలుదేరి నాగలూటిలో మధ్యాహ్నం ఆగుతాము. ఎక్కుడు ఎండలో పడకూడదని ఆ రాత్రి కూడా అక్కడే ఉండి, మర్నాడు పొద్దున్నే పెచ్చెరువు వైపు కదులుతాము. మాతో మా ఊరివారు మరో ఎనిమిది మంది వస్తున్నారు. మాత్రల విషయం వైద్యుణ్ణి అడిగాము. ఒక మాత్ర మార్చారు, పరీక్ష కోసం వారం తర్వాత మళ్ళీ రమ్మన్నారు. మధుమేహం లేదని తేలింది. చెప్పులు చేతిసంచిలో ఉంటాయని, తొమ్మిదికి తొడుక్కుంటానని నాన్నగారు ఒప్పుకున్నారు. మా అమ్మ మాత్రం ఇదంతా విని, నాకు ఓఆర్ఎస్ పొట్లాలు, ఆయనకు ఊరగాయ సీసా వేరువేరుగా కట్టిపెట్టింది.

మిగిలిన సందేహం ఒకటే. భీమునికొలను దగ్గర మెట్లు దిగి మళ్ళీ కైలాసద్వారానికి ఎక్కాలంటున్నారు. చివరి రోజు అలసిపోయి ఉంటాము కదా, దాన్ని సాయంత్రం పెట్టుకోవడం మంచిదా, పొద్దున పెట్టుకోవడం మంచిదా?

బేస్‌క్యాంపు

పొద్దునే. ఆ లోయలో గాలి ఆడదు, చుట్టూ బండలు పగలంతా తాగిన వేడిని సాయంత్రం కక్కుతుంటాయి. నాలుగు గంటలకు ఎక్కడం మొదలుపెట్టినవారు మధ్యాహ్నం ఎక్కినంత బాధా పడతారు, పైగా చీకటి తరుముతుంటుంది. ముందురోజు మఠంబావి దగ్గర ఆగి, తెల్లవారగానే కదిలి, ఎండ లోయలోకి దిగకముందే భీమునికొలను దాటండి. మెట్లు ఎత్తు ఎక్కువ, నాన్నగారికి చేతికర్ర ఇవ్వండి, ఇరవై ముప్పై మెట్లకు ఒకసారి ఆయన అడగకుండానే మీరే ఆగండి. కైలాసద్వారం చేరితే అక్కడి నుంచి హటకేశ్వరం మీదుగా క్షేత్రం దాకా దారి సులభం, వాహనాలు కూడా అందుతాయి. ఖాళీ సీసాలు, ఓఆర్ఎస్ పొట్లాల కాగితాలు అడవిలో పారేయకుండా అక్కడిదాకా మోసుకురండి. ఉప్పు వాసనకు జింకలు వాటిని నమిలి మింగుతాయి.